ఇంట్లో చెప్పగలిగే నష్టం

పేకాట గురించి తెలుగు పేపర్లలో దాదాపు ఒకే వార్త వస్తుంది. ఏదో ఫామ్‌హౌస్ మీదో, లాడ్జి గది మీదో పోలీసుల దాడి. ఇంతమంది పేకాటరాయుళ్ల అరెస్టు, ఇంత నగదు, ఇన్ని సెల్‌ఫోన్లు స్వాధీనం. జిల్లా ఎడిషన్‌లో నాలుగు వాక్యాలు, తలలు దించుకున్న మనుషుల ఫొటో. పటాన్‌చెరు, సంగారెడ్డి వైపు పెరిగినవాళ్లకి ఇది వానా ఎండల వార్తంత మామూలు.

ఆ వార్తల్లోకి ఎక్కని ఆట ఒకటుంది. అదే ఆరుగురు, రెండు వారాలకోసారి, ఒకసారి ఒకరింట్లో, ఇంకోసారి ఇంకొకరింట్లో ఏళ్ల తరబడి ఆడుకునే ఆట. బీరంగూడ, రామచంద్రాపురం, అమీన్‌పూర్ అపార్ట్‌మెంట్లలో ఇలాంటివి నాకు తెలిసే నాలుగైదున్నాయి. అందులో మాదొకటి. తొమ్మిదేళ్లుగా నడుస్తోంది. స్నేహితుడి జేబులోంచి డబ్బు గెలుచుకోవడం కోసం పనిగట్టుకుని అతన్ని ఇంటికి పిలుస్తాం, టీ ఇస్తాం, గెలుస్తాం, మళ్లీ రమ్మంటాం. ఈ పనిలో స్నేహితుడికి స్నేహితుడు ఏం బాకీ ఉంటాడన్నది నా ప్రశ్న.

చట్టం ఈ ప్రశ్న అడగలేదు. అది అడిగినవి వేరే రెండు, వాటి కథ మనకి దగ్గర్లోనే మొదలైంది. 1963లో సికింద్రాబాద్‌లోని ఒక రిక్రియేషన్ క్లబ్బు మీద పోలీసులు దాడి చేశారు. అక్కడ ఆడుతున్నది రమ్మీ. కింది కోర్టు శిక్ష వేసింది, హైకోర్టు కొట్టేసింది, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సుప్రీం కోర్టుకు వెళ్లింది. 1967లో జస్టిస్ హిదయతుల్లా రాసిన తీర్పు ఇప్పటికీ రమ్మీ గురించి ఎవరు వాదించినా ముందు తీసే కాగితం. రమ్మీలో ఏ ముక్కలు పడిపోయాయో గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది పారేయాలో తెలియాలి, కాబట్టి అందులో నేర్పు పాలే ఎక్కువ అన్నారు. మూడు ముక్కలాట అలాంటిది కాదని, అది పూర్తిగా అదృష్టం మీద నడిచేదని కూడా అన్నారు. ఇది మొదటి ప్రశ్న, నేర్పా అదృష్టమా అని. రెండోది, ఆట పెట్టిన ఇల్లుగలాయన లాభం తీసుకుంటున్నాడా అని. పేకలకీ, కుర్చీలకీ, లెక్క రాసినందుకూ క్లబ్బు కొంత వసూలు చేస్తే అదొక్కటే నేరమైపోదని కోర్టు భావించింది. ఆటని అడ్డం పెట్టుకుని సొమ్ము చేసుకుంటే మాత్రం సంగతి వేరు.

ఆ తర్వాత ఆట ఫోన్లోకి వెళ్లింది. తెలంగాణ 2017లో తన గేమింగ్ చట్టాన్ని సవరించి డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని ఆపింది. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ కలిపి ఆన్‌లైన్ మనీ గేమ్స్‌ని నిషేధించింది. చట్టంలో ఏది ఎంతవరకన్నది లాయర్లు చెప్పాల్సిన మాట, నేను చెప్పను. కానీ ఆ రెండు ప్రశ్నలకీ సరైన సమాధానాలున్న ఇంట్లో కూడా మూడో ప్రశ్న మిగులుతుంది. ఓడినవాడు ఆ ఓటమిని మోయగలడా? మోయలేకపోతే ఆ మాట అనగలడా?

మా ఆరుగురం ఒకే ఇంజనీరింగ్ బ్యాచ్ కాదు. ముగ్గురం క్లాస్‌మేట్స్. ఒకతను హార్డ్‌వేర్ షాపు నడుపుతాడు, మాకన్నా పదేళ్లు పెద్ద, అందరికీ అన్నే. ఒకతను స్కూల్లో లెక్కలు చెబుతాడు. ఇంకొకతను మందుల ఫ్యాక్టరీలో కాంట్రాక్టు మీద పనిచేసే కెమిస్టు. నేను రోజూ ఔటర్ రింగ్ రోడ్డెక్కి గచ్చిబౌలి వెళ్లే సాఫ్ట్‌వేర్‌వాణ్ని. కాబట్టి మా క్యాలెండర్ మా చేతుల్లో ఉండదు. సి షిఫ్ట్ పడితే ఒకడు లేడు, రిలీజ్ ఉంటే నేను లేను, పరీక్షలొస్తే మాస్టారు లేడు. ఈ పారిశ్రామికవాడలో ఒక ఆటని నిలబెట్టడమంటే సగం పని షిఫ్టులు కలపడం. మిగతా సగం డబ్బులు కలపడం, అది ఇంకా కష్టం.

డబ్బు లేకుండా ఆడొచ్చు కదా అని ఇంట్లోవాళ్లు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. ఓ నాలుగు నెలలు అలాగే ఆడాం. ఎవరూ డ్రాప్ చెప్పలేదు. చెత్త ముక్కలొచ్చినా అందరూ ఆడేశారు, ఎనభై కౌంటిచ్చి నవ్వేశారు. ఏ ముక్క పడిందో ఎవరికీ పట్టలేదు. హిదయతుల్లా గారు చెప్పిన నేర్పంతా పోతే పోవడానికి ఏదో ఒకటి ఉన్నప్పుడే బయటికొస్తుందని అప్పుడు తెలిసింది. పందెం ఆటని ఆటగా ఉంచుతుంది, అదే పందెం పెరిగితే ఆటని మింగుతుంది. మధ్యలో ఎక్కడ ఆగాలి?

ఇంగ్లండ్ తత్వవేత్త బెంథామ్ దీనికొక లెక్క చెప్పాడు. సమానంగా ఉన్న ఇద్దరు సమానంగా పందెం కాసినా, గెలిచినవాడికి కలిగే సుఖం కన్నా ఓడినవాడికి కలిగే నొప్పే ఎక్కువ. ఎందుకంటే ఉన్నదానికి చేరే రూపాయి విలువ కన్నా ఉన్నదాంట్లోంచి పోయే రూపాయి విలువ పెద్దది. పందెం మరీ పెద్దదైతే దాన్ని ఆయన లోతు ఆట అన్నాడు. మరి సమానంగా లేని ఆరుగురు ఒకే పందెం కాస్తే? మేం తలా 200 పెట్టి రాత్రికి రెండు పూల్స్ ఆడేవాళ్లం. నెలకి రెండుసార్లంటే, అన్నీ ఓడితే 800. నాకది పిల్లలతో ఒక పూట హోటలు. 17 వేల జీతం మీద బతికే ఇంటికి దాదాపు ఒక గ్యాస్ బండ. అంకె ఒకటే, బరువు ఒకటి కాదు.

మేం 201 పూల్ ఎంచుకోవడానికి కారణం కూడా ఈ బరువే. అందులో పోయేదెంతో ముక్కలు పంచకముందే తెలుస్తుంది. పాయింట్లు 201 చేరితే ఔట్, పోయేది కట్టింది మాత్రమే. తీన్ పత్తీలో అలాకాదు. అక్కడ జేబు లోతున్నవాడు చాల్ పెంచుకుంటూ పోతే మంచి ముక్కలున్నవాడు కూడా పడేసి లేవాల్సొస్తుంది. దీపావళికి తీన్ పత్తీ ఆడదామని ప్రతి ఏడూ ఎవరో ఒకరంటారు, ప్రతి ఏడూ మాస్టారు ఒప్పుకోడు. ఆయన అభ్యంతరం అదృష్టం మీద కాదు. "జీతాలు ఆడుకుంటయ్ రా అందులో, మనం కాదు" అంటాడు.

ఇంత జాగ్రత్తగా కట్టుకున్న ఆటకి కూడా ఒకసారి పరీక్ష వచ్చింది. కెమిస్టు పనిచేసే చోట కాంట్రాక్టరు మారాడు, రెండు నెలలు జీతం రాలేదు. అతను మాతో ఆ మాట అనలేదు. ఆటలో కనబడింది. మొదటి డ్రాప్‌కి 25 పాయింట్లు. ఎనిమిది సార్లు డ్రాపైనా 200, ఇంకా ఆటలోనే ఉంటాడు. అతను అలాగే ఆడటం మొదలుపెట్టాడు, బొత్తిగా పనికిరానివే కాదు, ప్యూర్ సీక్వెన్స్‌కి ఒక్క ముక్క తక్కువున్న చెయ్యి కూడా పారేస్తూ. పూల్‌లో కట్టిన డబ్బు ఎలాగూ కట్టేసిందే, డ్రాప్ చేస్తే వెనక్కి రాదు. కానీ భయం లెక్కలు చూడదు. తర్వాత "షిఫ్ట్ మారింది" అని రావడం మానేశాడు. అతనిది ఏ షిఫ్టో మా అందరికీ తెలుసు.

ఏం చేయాలన్నదాని మీద మిగతా ఐదుగురం చాలాసేపు వాదించుకున్నాం. అతని పూల్ మనమే కడదామన్నాడొకడు. అలా కడితే అతను మన డబ్బుతో మన మీద గెలవాలి, అది ఆట కాదన్నాడు ఇంకొకడు. నేరుగా అడుగుదామన్నాను నేను. చివరికి ఎవరినీ అడక్కుండా అన్న గ్రూపులో ఒక మెసేజ్ పెట్టాడు: "షాపుల ఉద్దెరలు ఎక్కువైనయ్ తమ్మీ, రెండొందలంటే నాకు బరువైతుంది. యాభై చేద్దాం." మా అందరిలో డబ్బున్నవాడు ఆయనే. రెండు వారాలకి కెమిస్టు వచ్చాడు. యాభైకే ఇప్పటికీ ఆడుతున్నాం.

అన్న చెప్పింది అబద్ధం. అది తప్పా? తప్పే అనడానికి గట్టి కారణముంది. ఎదుటివాడు పెద్దవాడు, తన కష్టం తనే చెప్పుకోగలవాడు. అతని బదులు మనం నటిస్తే ఆ అవకాశం మనం లాక్కున్నట్టే. పైగా అబద్ధమని అతనికి తెలియకుండా ఉంటుందా? ఈ వాదనని చాలా రోజులు మోశాను. ఇప్పుడు నాకు వేరేగా అనిపిస్తుంది. అన్న ఆ కెమిస్టు గురించి ఏ అబద్ధమూ ఆడలేదు, తన గురించి ఆడాడు. చిన్నతనం తన మీద వేసుకున్నాడు. పందెం అందరికీ తగ్గింది కాబట్టి ఎవరికీ దానం అందలేదు. నిజం చెప్పే దారి కూడా మూసుకుపోలేదు. ఆర్నెల్ల తర్వాత, జీతం సర్దుకున్నాక, కెమిస్టు తనే ముక్కలు కలుపుతూ ఆ రెండు నెలల సంగతి చెప్పాడు. అన్న "అట్లనా" అని పంచిన ముక్కలు తీసుకున్నాడు.

జూదం అనగానే మనకి గుర్తొచ్చేది ధర్మరాజే. హస్తినలో ఆయన ఓటమికి కారణం శకుని పాచికలని చెప్పుకుంటాం. నాకు అంతకన్నా ముందరి విషయం పెద్దదనిపిస్తుంది. పిలిస్తే వెనుదిరగకూడదన్నది ఆయన నియమం. విదురుడు వద్దన్నా సభ ఆపలేదు. లేచే దారి లేని చోట కూర్చున్నాడు. అదే మనిషి అరణ్యంలో బృహదశ్వుడి దగ్గర అక్షవిద్య నేర్చుకుని, కంకుభట్టు పేరుతో విరాటుడి కొలువులో ఏడాది పాటు ఆ పాచికలతోనే బతికాడు. గెలిచినదాంట్లోంచి తమ్ముళ్లకి కూడా ఇచ్చాడు. పాచికలవే, మనిషీ అతనే. మారింది కూర్చున్న చోటు. అక్కడ కూడా ఒకరోజు బృహన్నలని పొగిడినందుకు రాజు పాచిక విసిరికొడితే ఆయన ముఖాన నెత్తురు కారిందని గుర్తుచేసుకోవాలి. పెద్దచిన్నా తేడా ఉన్న బల్ల దగ్గర ఆట ఎప్పుడూ పూర్తిగా ఆట కాదు.

అందుకే గెలుస్తున్నవాడు ముందు లేవకూడదన్న పాత మర్యాదని మేం వదిలేశాం. పొద్దున్న ఆరింటికి డ్యూటీ ఉన్నవాణ్ని, గెలిచాడు కదాని కట్టేసి కూర్చోబెట్టడం మర్యాద కాదు. పదకొండున్నరకి చివరి పంపకం, గెలిచినా ఓడినా.

కోర్టు అడిగిన రెండో ప్రశ్నని కూడా ఇంట్లోకి తెచ్చుకోవాలి. ఇంటాయన లాభం తీసుకోవట్లేదు, సరే. మరి ఇంటి ఖర్చు ఎవరు పెట్టుకుంటున్నారు? రాత్రి పదింటికి మూడోసారి టీ పెట్టేదెవరు, హాల్లో మగాళ్ల గోల మధ్య పిల్లల్ని పడుకోబెట్టేదెవరు? పూల్‌లో పేరు లేని ఒక మనిషి ప్రతి ఆటకీ కడుతూనే ఉంటుంది. అందుకే మా దగ్గర ఫ్లాస్కు, పల్లీలు వచ్చేవాళ్లే తెస్తారు, గ్లాసులు కడిగే లేస్తారు. దీంతో అంతా సరిపోయిందని అనను. లెక్కలో ఆ పద్దు ఉందని మాత్రం ఒప్పుకున్నట్టు.

పందెం ఎంతుండాలన్నదానికి నాకు దొరికిన కొలత ఒకటే. పోగొట్టుకుని ఇంటికెళ్లినవాడు తలుపు తీసినవాళ్లకి ఆ అంకెని మామూలు గొంతుతో చెప్పగలగాలి. చెబితే ఇంట్లో ఎవరికీ పట్టనంత చిన్నదైతే ఆట చచ్చిపోతుంది. దాచాలనిపించేంత పెద్దదైతే మనిషి రావడం మానేస్తాడు, లేదా వస్తూనే ఉంటాడు, అది ఇంకా ఘోరం. ఆ రెంటి మధ్య ఎంత చోటుందన్నది ఒక్కో ఇంటికి ఒక్కోలా ఉంటుంది, ఏటేటా మారుతుంది. ఆరిళ్లలో ఇరుకైన ఇల్లేదో దాన్నిబట్టే పందెం పెట్టాలి. ఆ ఇల్లు ఎవరిదో అడక్కుండానే తెలుసుకుని ఉండటమే ఆటని నడిపేవాళ్లు పడాల్సిన శ్రమ.