గృహిణి చేయు కాయకము

కాయకమను మాట వినగానే పొలము, మగ్గము, అంగడి, కచేరి కన్నులకు కట్టును. వంటయిల్లు కట్టదు. పురుషుడు సంపాదించి తెచ్చునది కాయకమనియు, స్త్రీ ఇంటిలో చేయునది వట్టి ‘ఇంటిపని’ యనియు తలచు అలవాటు బసవేశ్వరుని పేరు నిత్యము స్మరించు కుటుంబములలో సైతము పాతుకొనియున్నది. మఠమున కాయక దాసోహములనుగూర్చి గంటసేపు ప్రవచనము వినివచ్చిన గృహస్థుడే గడప దాటగానే, “పగలంతయు ఇంటనే యుంటివి గదా, ఏమి చేసితివి?” యని భార్యనడుగుట విడ్డూరము. ఈ ప్రశ్నకు పన్నెండవ శతాబ్దమున కల్యాణపట్టణములోనే సమాధానము లభించినది. అది లభించినది ఒక గృహిణి నోట.

రాయచూరు ప్రాంతములోని అమరేశ్వరమునుండి కల్యాణమునకు వచ్చిన దంపతులు మారయ్య, లక్కమ్మ. బసవేశ్వరుని మహామనె ముంగిట రాలిన బియ్యపుగింజలను ఏరి తెచ్చుట మారయ్య కాయకము. కన్నడమున ఆయ్దక్కి యనగా ఏరిన బియ్యము. అదియే ఆ దంపతుల పేరైనది. ఒకనాడు అనుభవమంటపములోని గోష్ఠిలో మునిగి మారయ్య వేళ మరచెను. కాయకమునకు ఆలస్యమైనదని భార్య హెచ్చరింపగా పరుగున పోయి, నాటి కొరతను తీర్చుకొనదలచియో యేమో, ఏనాటికంటెను ఎక్కువ బియ్యము మూటగట్టి తెచ్చెను. లక్కమ్మ ఆ మూటను చూచి సంతోషింపలేదు. దినమునకు కావలసిన దానికి మించినది తమది కాదనియు, మిగులును ఎక్కడనుండి తెచ్చెనో అక్కడనే పోసిరమ్మనియు చెప్పి త్రిప్పి పంపెను.

ఈ కథను విరక్తికి ఉదాహరణముగ చెప్పుట మామూలు. కాని ఇందులో మరియొక విషయము కలదు. ఆ మూట పరిమాణమును చూడగనే హెచ్చుతగ్గులు పోల్చగలిగినది ఎవరు? దినదినము ఆ బియ్యమును చెరిగి, కొలిచి, వండి, జంగములకు వడ్డించినచేయి. మారయ్యకు ఏరుట తెలియును. ఎంత చాలునో తెలిసినది లక్కమ్మకే. కొలత తెలియని దాసోహము నాలుగునాళ్లలో అప్పులపాలగును. కావున ఆ ఇంటి కాయకములో సగము ముంగిటను, సగము పొయ్యియొద్దను జరిగినదని గ్రహింపవలెను.

శరణులలో ఇట్టి పనులు చేసినవారి పేర్లు వారి పనులతోనే నిలిచినవి. ధాన్యము దంచిన కొట్టణద సోమవ్వ కలదు, కదురు త్రిప్పి నూలు వడకిన కదిరె రెమ్మవ్వ కలదు. సూదికాయకము చేసిన రామితండ్రియు వచనకర్తలలో ఒకడు. నూలు వడకుట, బట్ట కుట్టుట, వడ్లు దంచుట హీనమైన పనులని వారు సిగ్గుపడలేదు, పేరులోనే చేర్చుకొనిరి. నేడు “మీ యిల్లాలు ఏమి చేయును?” అని అడిగిన “ఏమియు చేయదు, ఇంటిలోనే యుండును” అని బదులు చెప్పువారు ఈ పేర్లను ఒకమారు జ్ఞప్తికి తెచ్చుకొనవలెను.

ఇక ఈ కాయకము ఏ విధమున జరుగునో నెల్లూరు సముద్రతీరమున చూడవచ్చును. కావలినుండి ఇస్కపల్లి, మైపాడు, కృష్ణపట్నముల మీదుగా పులికాటు సరస్సు వరకు సాగు ఈ తీరమున గృహనిర్వాహము మెట్టసీమలోవలె తేలిక కాదు. సముద్రపుగాలిలో ఉప్పు కలదు, చెమ్మ కలదు. జాడీలోని ఉప్పు నీరుకారును. ఎండబెట్టి దాచిన అప్పడములు వారమునకే మెత్తబడును. సూదులపొట్లము విప్పి చూచునప్పటికి తుప్పు పట్టియుండును. జిల్లాకు ఏటి వానలలో ఎక్కువపాలు అక్టోబరు మొదలు డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవనముతో కురియును. వాయుగుండములును ఆ నెలలలోనే వచ్చును. కనుక ఇచ్చటి గృహిణికి సంవత్సరము ఉగాదితో కాక వేసవి యెండతో మొదలగునన్నను తప్పులేదు. ఎండ యున్ననాళ్లలోనే వడియములు పెట్టవలెను, మిరపకాయలు ఎండింపవలెను, చింతపండు గింజతీసి ఉప్పు కలిపి కుండకెత్తవలెను, ఊరగాయ జాడీకి వాసెన కట్టవలెను. బియ్యములో వేపాకు ఎండబెట్టి వేయవలెను. సూదులను నూనె తడిపిన గుడ్డపీలికలో గ్రుచ్చి డబ్బాలో మూత బిగించి యుంచినచో తుప్పు పట్టవు. పండుగ ముందు రవిక కుట్టుకొనబోయి సూది విరిగిన నాడే ఇది తెలియుట కన్న ముందే తెలియుట మేలు.

1989 నవంబరులో కావలి సమీపమున తీరము దాటిన పెనుతుఫాను, 2004 డిసెంబరు 26 నాటి సునామి ఈ తీరవాసులకు సామాను సర్దుకొనుట యనగా ఏమో నేర్పినవి. సర్దుకొనుట అలంకారము కాదు. పొలము పట్టా, చౌకధరల దుకాణపు కార్డు, పిల్లల చదువుల పత్రములు ఒకే రేకుపెట్టెలో ఎత్తున నుండినచో అర్ధరాత్రి ఇల్లు విడువవలసి వచ్చినను చేతికందును. అగ్గిపెట్టె, లాంతరు, నాలుగుదినముల బియ్యము, పప్పు ఎక్కడనున్నవో ఇంటిలోని చిన్నపిల్లకు కూడ తెలిసియుండవలెను. వస్తువునకు చోటు ఏర్పరచుట ఒక్కరి జ్ఞాపకశక్తిపై ఇల్లు ఆధారపడకుండుటకే. తల్లి జ్వరముతో మంచము పట్టిన నాడు ఉప్పుజాడీ కొరకు వెదకు ఇల్లు ఇంకను సర్దబడలేదన్నమాట.

వంటవిషయమున శరణమార్గము ఒక గొప్ప మేలు చేసినది. జనన, మరణ, రజస్, ఉచ్ఛిష్ట, జాతి సూతకములను ఐదింటిని అది త్రోసిపుచ్చెను. లింగధారిణియైన స్త్రీకి నెలలో ఏ దినమునను పూజకు గాని, పొయ్యికి గాని దూరముగ నుండవలసిన పని లేదు. ఎనిమిది వందల యేండ్లకు పూర్వము వచ్చిన ఈ స్వాతంత్ర్యమును ఇరుగుపొరుగుల మాటకు జడిసి కొన్ని కుటుంబములు తామే వదులుకొనుచున్నవి. ఇది విచారకరము. శరీరధర్మమును మైలయని కోడలిని వసారాలో కూర్చుండబెట్టు ఇంటిలో అష్టావరణములనుగూర్చి ఎంత చెప్పుకొనినను ఏమి లాభము?

భోజనము ప్రసాదము. లింగమునకు అర్పింపబడి పళ్లెములోనికి వచ్చినది ఒక్క మెతుకును పారవేయరాదన్నది ఆచారము. ఈ ఆచారమును నిలుపునది వడ్డించువాని భక్తి కంటె వండు ఆమె కొలతయే. నెల్లూరు సీమకు బియ్యము కొదువ లేదు. పెన్నామడికట్టులలో పండిన మొలగొలుకుల పేరు పూర్వము దేశమెల్ల ఎరుగును. కొత్తబియ్యము ముద్దగును, పాతబియ్యము పొంగి ఎక్కువ అన్నమగును. ఎసరు దానికి తగినట్లు మార్చవలెను. గంజి వార్చినచో అది పారబోయునది కాదు. చిటికెడు ఉప్పు, ఒక గరిటె మజ్జిగ చేర్చినచో ఉదయము పిల్లలకు తాగుటకగును. మిగిలినచో నూలుచీరలకు పెట్టుటకగును. పప్పు ఉడికిన పైతేటను వంపి, చింతపండు పులుసు, మిరియము వేసి పోపు పెట్టిన కట్టుచారు ఒక కూర ఖర్చును తప్పించును. రాత్రి మిగిలిన అన్నములో నీరుపోసి యుంచిన చద్ది, ప్రక్కన గోంగూర పచ్చడి. ఇంతకంటె ఆడంబరమైన వంట వచ్చిన అతిథికి అవసరమా యని ఆలోచింపవలెను. జంగమునకు పెట్టునది పెరుగన్నమైనను వేళకు పెట్టవలెను. పదునైదు రకముల పిండివంటలకై ఇంటి ఆడవారు తెల్లవారుజామునుండి పొగలో నిలిచి, అందరి పంక్తులు లేచిన పిదప మూడుగంటలకు తాము చల్లారిన మెతుకులు తినుట ఏ దాసోహము?

సూదిపని సంగతి చెప్పవలెనన్న చీర సంగతి చెప్పవలెను. నూలుచీర కొత్తలో పండుగకు, పిదప బయటికి, ఆ పిదప ఇంటికి. అంచు చినిగినచో మడిచి కుట్టు వేయుదురు. నడుమ చినిగినచో మాసిక వేయుదురు. మాసికకు ఆగనిచో చెరగును, అంచును వేరుచేసి మెత్తని నడిమిభాగమును పసిబిడ్డకు ఉయ్యాలగ కట్టుదురు. నాలుగైదు పాతచీరలు పొరలుగ పరచి దగ్గర దగ్గరగ కుట్టినది బొంత. ఈ తీరపు మార్గశిరపు చలికి అది చాలును. గట్టి అంచులు సంచులకు పిడులగును. చివరి పీలిక పొయ్యిగట్టు తుడుచు గుడ్డ. ఒక వస్త్రము ఇన్ని జన్మములెత్తుట కేవలము పేదరికము వలన కాదు. దానిని నేసినవాని శ్రమకు గౌరవము. దేవర దాసిమయ్య నేతగాడన్న సంగతి తెలిసినవారు బట్టను ఊరక పారవేయలేరు. నేడు నూలుకు బదులు త్వరగ చినుగక, చెమటపీల్చక, బొంతకు పనికిరాక యుండు కృత్రిమవస్త్రములు ఇండ్లు నిండినవి. బీరువా నిండుచున్నది గాని అతుకుటకు ఏమియు మిగులుట లేదు.

పూజకు వేళ చిక్కుట లేదని గృహిణులు తరచుగ బాధపడుదురు. తాడు పేను నులియ చందయ్య కథ వారికొరకే యున్నట్లుండును. గడ్డి కోయుచుండగా ఇష్టలింగము నీటిలో జారిపడినను ఆయన పని మానలేదట. లింగమే ఆయనను వెన్నంటి వచ్చెనట. దీనిని పూజ మానుటకు అనుమతిగ గ్రహింపరాదు గాని, బిడ్డ ఏడ్చుచుండగా పూజలోనుండి లేచిన తల్లి అపరాధభావముతో కుములవలసిన పని లేదు.

బసవేశ్వరుడు మంగళవాడలో కరణికుడు, బిజ్జలుని యొద్ద భండారి. అనగా లెక్కలు వ్రాసిన మహాపురుషుడు. రాజుధనమును జంగములకు వెచ్చించినాడని కొండెములు చెప్పగా భండారమును పరీక్షింపజేసిరనియు, లెక్క సరిపోయెననియు పాల్కురికి సోమనాథుని ద్విపద బసవపురాణము చెప్పును. అట్టి గురువును కొలుచు ఇంటిలో పాలలెక్క, బియ్యపులెక్క, చాకలిపద్దు వ్రాసియుండకుండుట వింతయే. లెక్కపుస్తకము భార్యాభర్తలిరువురి కంటికి నుండవలెను. వచ్చుబడి ఎంతయో భార్యకు తెలియనీయక, ఖర్చు ఎక్కువైనదని ఆమెను నిందించుట ధర్మము కాదు.

ఈ లెక్క లేకపోవుటవలన ఏమగునో, వచ్చుటవలన ఏమగునో నెల్లూరు జిల్లాయే లోకమునకు చూపెను. 1990 దశకారంభమున అక్షరాస్యతోద్యమమున రాత్రిబడులలో చదువుకొనిన స్త్రీలు తమ ఇంటి కూలిడబ్బు ఎటుపోవుచున్నదో లెక్కించుకొనిరి. సారాయంగడికి పోవుచున్నది. 1992లో దూబగుంట స్త్రీలు అంగడి మూయించిరి; రోశమ్మ పేరు ఆ యుద్యమముతో రాష్ట్రమంతట మారుమ్రోగెను. 1993 అక్టోబరులో ప్రభుత్వము సారాను నిషేధించెను. ఆ డబ్బు ఇంటిలో మిగిలినప్పుడు పుట్టినదే ‘పొదుపు లక్ష్మి’. దినమునకు ఒక్క రూపాయి. పదిహేనుమంది చేరినచో సంవత్సరమునకు 5,475 రూపాయలు. అంతకుముందు వడ్డీవ్యాపారి గుమ్మమున నిలిచినవారు తమలో తామే అప్పు ఇచ్చుకొనిరి. ఈ స్త్రీలలో అనేకులు ఏ వచనమును విన్నవారు కారు. అయినను సదాచారమను మాటకు అర్థము వారి చేతలలో కనబడినది.

అయితే సంఘపు అప్పు కూడ అప్పే. కుట్టుమిషను కొందునని తెచ్చిన సొమ్ము అమ్మాయి పెండ్లి భాజాభజంత్రీలకు పోయిన ఇండ్లు కలవు. మిషను కొనినను, దాని మూతపై మందుసీసాలు, పాతపత్రికలు పేరుకొనిన ఇండ్లును కలవు. కుట్టుకూలి నెలకు ఎంత రాగలదు, కిస్తు ఎంత, దారములు, కండెలు, సూదులకు ఎంత, చుట్టుప్రక్కల ఇప్పటికే ఎందరు కుట్టుచున్నారు? ఇవి తేల్చుకొనక మిషను తెచ్చుట మారయ్య తెచ్చిన పెద్దమూట వంటిది. వాకిట దించుకొనకమునుపే “ఇది ఎంత? మనకు ఎంత కావలెను?” అని అడుగు లక్కమ్మ ఆ ఇంటనుండవలెను, ఆమె అడిగినప్పుడు మూట మరల మోసుకొనిపోవు మారయ్యయు నుండవలెను. రెండవవాడు దొరకుటయే కష్టము.

మఠములవారును ఈ విషయమున కొంత చేయవచ్చును. బసవజయంతి సంతర్పణకు సరకుల పట్టీ వ్రాయునప్పుడు గృహిణులను పిలిచి కొలతలడిగినచో మిగిలి పారబోయు అన్నము తగ్గును. లింగదీక్షకు వలయు వస్త్రములను అంగడిలో కొనుటకు బదులు గ్రామములోని కుట్టుపనివారిచేత కుట్టించినచో వారికి కూలి ముట్టును. దీక్ష పొందబోవు పిల్లలకు, ఆడపిల్లయని మగపిల్లవాడని చూడక, తమ లింగవస్త్రమును తామే కుట్టుకొనుట నేర్పవచ్చును. జానెడు తెల్లని నూలుబట్ట, ఒక సూది, రెండుమూరల దారము చాలును. మొదట కుట్లు వంకరపోవును. తల్లి పుచ్చుకొని సరిచేయక, విప్పి మరల వానినే కుట్టనీయవలెను.