ఒప్పుకొనుట, లొంగుట



ఒప్పందమను మాట మన కుటుంబములలో చేదుగా వినబడును. కోరంగి మొదలైన రేవులలో ఓడలెక్కిన మన పూర్వులలో పెక్కుమంది తాము చదువనేరని కాగితములపై వ్రేలిముద్రలు వేసిరి. చట్టము దానిని సమ్మతి యనెను. ఆకలి తరుమగా, షరతులు తెలియక వేసిన ముద్ర సమ్మతి యగునా? ఈ ప్రశ్న మనుష్యులకే గాక రాజ్యములకును వర్తించును. గల్ఫు తీరమునగల రాస్ అల్ ఖైమా చరిత్ర అందుకు తగిన ఉదాహరణము.

1971 చివరికి గల్ఫు నుండి తన సేనలను తొలగింతునని బ్రిటన్ 1968 జనవరిలో ప్రకటించెను. మరుసటి నెలలోనే అబూ ధాబీ పాలకుడు షేక్ జాయెద్, దుబాయి పాలకుడు షేక్ రషీద్ ఐక్యతకు పూనుకొనిరి. మొదట తొమ్మిది రాజ్యములు కూడినవి. మూడేండ్లకు పైగా చర్చలు జరిగినను పొత్తు కుదరలేదు. 1971లో బహ్రెయిన్, ఖతార్ విడిగా స్వతంత్రములైనవి. జూలై 18న ఆరు రాజ్యములు తాత్కాలిక రాజ్యాంగమునకు సమ్మతించి, డిసెంబరు 2న సమాఖ్యను ప్రకటించినవి. ఏడవదియైన రాస్ అల్ ఖైమా చేరలేదు.

కారణమేమి? సర్వోన్నత మండలిలో ప్రతి రాజ్యమునకు ఒక్క ఓటే. కాని ముఖ్యవిషయములకు అయిదు ఓట్లు కావలెను. వానిలో అబూ ధాబీ, దుబాయి ఓట్లు తప్పక యుండవలెను. ఈ అసమానత పాలకుడైన షేక్ సఖర్ బిన్ మొహమ్మద్ అల్ ఖాసిమీకి సమ్మతము కాలేదు. ఇంతలో నవంబరు 30న, ఆ రాజ్యపు పాలనలోని పెద్ద తుంబ్, చిన్న తుంబ్ దీవులను ఇరాన్ సేనలు ఆక్రమించెను. బ్రిటిషు రక్షణయు తొలగిపోయెను. 1972 ఫిబ్రవరి 10న రాస్ అల్ ఖైమా సమాఖ్యలో చేరెను. ఓట్ల నియమము మాత్రము మారలేదు.

ఇది లొంగుబాటే యనువారు గలరు. అవసరమువలన చేసిన ప్రతి ఒప్పందమును లొంగుబాటన్నచో లోకమున సమ్మతి యనునదే మిగులదు. కావున మూడు విషయములు విచారింపవలెను. షరతులు తెలిసినవా? కాదనుటకు వీలుండెనా? చేరిన పిదప తనదనునది కొంతయైన మిగిలెనా? రాస్ అల్ ఖైమా షరతులెరుగును, ఒకమారు కాదనెను, చేరిన పిదప 40 మంది సభ్యులుగల సమాఖ్య జాతీయ మండలిలో షార్జాతో సమానముగా 6 స్థానములు పొందెను. 23వ అధికరణము ననుసరించి ప్రకృతిసంపద ఆయా రాజ్యములదే. తన న్యాయస్థానములను నేటికిని తానే నడుపుకొనుచున్నది. మన పూర్వులలో అనేకులకు ఈ మూడింటిలో ఒక్కటియు దక్కలేదు.

ఆ రాజ్యాంగమును పాలకులు అంగీకరించిరే గాని ప్రజలు ఓటు వేయలేదు. ఇది లోపమే. అయితే 1949 నవంబరు 26న భారత రాజ్యాంగమును ఆమోదించిన సభయు సార్వత్రిక ఓటుతో ఎన్నికైనది కాదు. దుర్గాబాయి, అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ వంటి మనవారు అందు పాల్గొనిరి. పుట్టుకలో నిర్దోషమైన రాజ్యాంగము అరుదు. ఎమిరేట్ల స్థాపకులు తమ వ్రాతను తాత్కాలికమనియే పిలిచిరి. 1996లో గాని అది శాశ్వతము కాలేదు. దిద్దుకొనుటకు చోటుంచుట వివేకము. బలహీనుని ఎట్లు చూచునను దానిని బట్టియే రాజ్యాంగము తన యోగ్యతను సంపాదించుకొనవలెను.

ఎవరిని బానిసగా చేయరాదని ఆ రాజ్యాంగపు 34వ అధికరణము చెప్పుచున్నది. 25వ అధికరణము చట్టమునెదుట అందరును సమానులని చెప్పినను, అందలి వివక్షనిషేధము మాత్రము పౌరులకు సంబంధించినది. నేడు ఆ దేశమున పనిచేయు తెలుగు కూలీ పౌరుడు కాడు; అతని చేతిలోను ఒక ఒప్పంద పత్రము గలదు. దానిని అతనికి తెలుగులో చదివి వినిపించినవారున్నారా? నచ్చనిచో తిరిగి వచ్చుటకు అతనికి దారియున్నదా? రాజ్యములు తమకొరకు కోరుకొన్న ఆ మూడు న్యాయములు అతనికిని చెల్లవలెను. వ్రేలిముద్రల సంతతివారమైన మనము ఈ మాట అనకున్న మరెవరందురు?