తొమ్మిది రోజుల మెజారిటీ

మా చిన్నోడి పేరులో మొహమ్మద్ ఉంది. తొమ్మిదేళ్ళ వాడు. స్కూల్లో హాజరు పిలిచేటప్పుడు తన పేరు దగ్గరికొచ్చేసరికి టీచరమ్మ గొంతు కాస్త ఆగుతుందని వాడే మాతో చెప్పాడు. అది నిజమో వాడి భయమో మేం తేల్చుకోలేదు. 2024 వేసవి సెలవుల్లో కౌలాలంపూర్ విమానాశ్రయంలో పాస్‌పోర్టులు చూసే ఉద్యోగిని, తలకి స్కార్ఫు కట్టుకున్న చిన్న వయసు పిల్ల, వాడి పేరు గడగడా చదివి సలాం చెప్పింది. వాడికి ఏం చేయాలో తోచక మా వైపు చూశాడు. "వాలేకుం సలాం అను బేటా" అని వాళ్ళమ్మీ వీపు తట్టింది.

మలేసియాకే ఎందుకెళ్ళామంటే పెద్ద కారణమేం లేదు. 2023 డిసెంబరు నుంచి మన దేశం వాళ్ళకి అక్కడ వీసా అక్కర్లేకుండా పోయింది. పత్రికలో పనిచేసేవాళ్ళ జీతానికి యూరప్ అందదు. పైగా తిండికి ఇబ్బంది ఉండదని పిల్లల నానీ సలహా.

తిండి సంగతి చిన్నదేం కాదు. మా వాడి టిఫిన్ డబ్బాలో ఒకసారి కబాబ్ పెట్టి పంపాం. వాసనొస్తోందని ఎవరో తల్లి చెప్పిందట, రేపటినుంచి అలాంటివి పంపొద్దని డైరీలో రాసి పంపారు. ఆ రోజునుంచి పెరుగన్నం, టమాటా అన్నం. వాడు మారు మాట్లాడకుండా తింటాడు. ఆ మారు మాట్లాడకపోవడమే మాకు బాధ. అలాంటివాడు కౌలాలంపూర్లో బిస్కెట్ ప్యాకెట్ మీద కూడా హలాల్ ముద్ర ఉండటం చూశాడు. పెద్ద పెద్ద షాపింగ్ భవనాల్లో, హైవే పక్క విశ్రాంతి స్థలాల్లో నమాజుకి గది, దాన్ని సురావ్ అంటారు, ఎటు వెళ్ళాలో బాణం గుర్తు. మసీదెక్కడని ఎవర్నీ గొంతు తగ్గించి అడగక్కర్లేదు. రెండో రోజు సాయంత్రం, గోంబాక్, క్లాంగ్ నదులు కలిసేచోట 1909లో కట్టిన మస్జిద్ జామెక్ ముందు నిలబడి వాడు అడిగాడు:

"అబ్బా, ఇక్కడ మనమే ఎక్కువా?"

అవునన్నాం. లెక్క ప్రకారం అది నిజమే. 2020 జనాభా లెక్కల్లో ఆ దేశంలో ముస్లింలు నూటికి 63 మందికి పైనే. వాడి నడక మారిపోయింది. నిజం చెప్పొద్దూ, మా నడకా మారింది. అద్దె ఇల్లు వెతుక్కునేటప్పుడు ఫోనులో అంతా మాట్లాడుకున్నాక, పేరు చెప్పగానే "మా అన్నయ్యని అడిగి చెప్తామండీ" అనే గొంతులు విని విని ఉన్నవాళ్ళం మేం. ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కర్లేని ఒక సాయంత్రం ఎలా ఉంటుందో నలభై దాటాక తెలిసింది. హాయిగానే ఉంది.

మర్నాడు బటు గుహలకి తీసుకెళ్ళాం. మెట్లు 272. కింద బంగారు రంగు మురుగన్ విగ్రహం, 42 మీటర్లకి పైనే ఎత్తు, 2006లో పెట్టారు. మా వాడు తల వెనక్కి వంచి పైదాకా చూసి, "ఇంత పెద్దది పెట్టుకోనిచ్చారా?" అన్నాడు. అప్పుడు నవ్వేశాం. "పెట్టుకోనివ్వడం" అనే మాట వాడికి రెండ్రోజుల్లో ఎక్కడినుంచి వచ్చిందో ఆలోచించలేదు.

మెలక వెళ్ళి రావడానికీ, ఆ తర్వాత పెనాంగ్‌కీ కారు మాట్లాడుకున్నాం. డ్రైవరు యాభై దాటిన మనిషి. మొదటి గంట మాతో ఇంగ్లిషే. మేం పిల్లలతో ఉర్దూలో. మధ్యలో హైదరాబాదు నుంచి డెస్కు వాళ్ళు ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడాం. ఫోను పెట్టేలోపే ఆయన అద్దంలోంచి చూశాడు.

"మీరు తెలుగోళ్ళా? సాయిబులనుకున్నానే!"

"సాయిబులమేనండీ."

"తెలుగు బాగా మాట్లాడతన్నారు."

ఈ సర్టిఫికెట్ మాకు కొత్త కాదు. ఇరవై ఏళ్ళుగా తెలుగులో రాసి బతుకుతున్నా సభల్లో, పెళ్ళిళ్ళలో, ప్రెస్ క్లబ్బులో ఎవరో ఒకరు ఇస్తూనే ఉంటారు. సముద్రం దాటినా తప్పలేదనుకున్నాం. కానీ ఆయన మీద కోపం తెచ్చుకునే హక్కు మాకు నిమిషం కూడా మిగల్లేదు. ఎందుకంటే మేం కూడా వెంటనే అన్నాం: "మీరూ తెలుగు బాగా మాట్లాడుతున్నారే!"

ఆయన ముత్తాత శ్రీకాకుళం వైపునుంచి ఓడెక్కాడు. తెల్లదొరల కాలంలో పేరా రాష్ట్రంలోని బగాన్ డాటో దగ్గర కొబ్బరి తోటల్లో కూలి. నాలుగు తరాలైనా ఇంట్లో తెలుగే. అక్కడి తెలుగువాళ్ళకి 1955 నుంచి సంఘం ఉంది, పిల్లలకి తెలుగు క్లాసులు పెడతారు. వాళ్ళమ్మాయి కూడా అక్కడే అక్షరాలు దిద్దిందట. మేం ముచ్చటపడి వింటున్నాం. మా పెద్దది, దానికి పన్నెండు, ఏవేవో అడుగుతోంది. అప్పుడు చిన్నోడు ముందు సీటు వైపు వంగి, ఎంతో మామూలుగా అన్నాడు:

"ఇది ముస్లింల దేశం కదా అంకుల్. మీరు ఇక్కడికెందుకొచ్చారు?"

కారులో ఏసీ చప్పుడు తప్ప ఏం లేదు. ఆయనే నవ్వి, "మా ముత్తాతని ఓడెక్కించినోళ్ళని అడగాల బాబూ" అన్నాడు.

వాడు పొగరుతో అన్నది కాదది. ఆటల పీరియడ్లో "మీరు పాకిస్తాన్ పోవచ్చు కదా" అని వాడితో ఎవరో అన్న వాక్యమే అది. మనుషుల్ని అటూ ఇటూ మార్చి ఒప్పజెప్పాడంతే. మేం వాణ్ణి తిట్టాం. అయితే ఉర్దూలో తిట్టాం, ఆయనకి అర్థం కాకూడదని. ఆ పూట మేం చేసిన పనుల్లో అన్నిటికంటే సిగ్గుపడేది అదేనని తర్వాత తోచింది. ఆయన భాష మాకు తెలుసు, మా భాష ఆయనకి తెలీదు. ఆ చాటున దాక్కున్నాం.

రాత్రి హోటల్లో పిల్లలు పడుకున్నాక మా ఇద్దరికీ మాటలు పెరిగాయి. పిల్లల అమ్మీ వాదన ఇది. ఏడాదంతా వాడు తల దించుకునే బతుకుతున్నాడు. డబ్బాలో ఏం పెట్టాలో ఇంకొకరు చెప్తారు. క్రికెట్ మ్యాచ్ రోజున వాణ్ణి ఎటు వైపని అడుగుతారు. "తొమ్మిది రోజులు తలెత్తుకుని నడిస్తే మీ ఫిలాసఫీకి ఏం నష్టం? సెలవులకి తెచ్చారా, పాఠాలు చెప్పడానికి తెచ్చారా?"

ఈ ప్రశ్న తేలిగ్గా తీసేసేది కాదు. సెక్యులర్ మిత్రులు మాకు తరచూ చెప్పే నీతి ఒకటుంది: మీరు కూడా మారాలి, మీలోనూ మతోన్మాదులున్నారు, ముస్లిం దేశాల్లో మైనారిటీల గతి చూడండి అని. దెబ్బతిన్న ప్రతిసారీ ముందు ఇంకో దేశపు లెక్క మేం అప్పజెప్పాలి. ఆ లెక్క తొమ్మిదేళ్ళ పిల్లాడి నెత్తిన కూడా పెట్టాలా? పెట్టకూడదనే మేమూ అనుకుంటాం. కానీ కారులో కూర్చున్న మనిషి సిద్ధాంతం కాదు. మా సామాన్లు మోసినవాడు, మా వాడికి దారిలో చెండోల్ ఐసు కొనిపెట్టినవాడు. వాడి సంతోషం ఆ మనిషిని తన ఊళ్ళోనే పరాయివాణ్ణి చేసేదైతే దాన్ని చూస్తూ ఊరుకోవడం ప్రేమేనా? ఆ రాత్రి మాకు తేలలేదు. ఆమె దీపం ఆర్పేసింది.

పెనాంగ్ దారిలో పేరా రాష్ట్రం గుండా పోతుంటే ఆయన ఎడమవైపు చెయ్యి చూపించి, అటెళ్తే మా తోటలన్నాడు. ఇంతలో వాళ్ళమ్మాయి చదువు మాట వచ్చింది. ప్రభుత్వ మెట్రిక్యులేషన్ కాలేజీల్లో నూటికి తొంభై సీట్లు భూమిపుత్రులకి. మిగిలిన పదిలో చైనా వాళ్ళూ, మనవాళ్ళూ. మంచి మార్కులొచ్చినా సీటు రాలేదు, అప్పుచేసి ప్రైవేటులో చదివించాడు. భూమిపుత్ర అనేది వాళ్ళ సర్కారు మాట, మన సంస్కృతంలోంచి పోయిందే. మలయ్‌లకీ, సబా, సారావాక్ మూలవాసులకీ ప్రత్యేక స్థానం ఉందని వాళ్ళ రాజ్యాంగం 153వ అధికరణం అంటుంది. మలయ్ ఎవరో 160వది చెబుతుంది: ఇస్లాం ఆచరించాలి, మలయ్ భాష మాట్లాడాలి, ఆ ఆచారాలు పాటించాలి. అంటే మా వాడి "మనమే" కూడా పూర్తి నిజం కాదు. అక్కడ తరతరాలుగా హోటళ్ళు నడిపే తమిళ ముస్లింలే ఆ హోదా మాకూ ఇవ్వండని అడుగుతూ వచ్చారు.

"మీ దేశంలో మీకు రిజర్వేషన్ ఉందా?" అని ఆయనడిగాడు.

ఉందన్నాం. 2007 నుంచి వెనకబడిన ముస్లిం కులాలకి నాలుగు శాతం, అదీ కోర్టులో వేలాడుతూ. దానికోసం మేం సంపాదకీయాలు రాశాం, ధర్నాల్లో కూర్చున్నాం.

"మీరు తక్కువమంది గనక ఇచ్చారు. ఇక్కడ ఎక్కువమందికే ఇచ్చుకున్నారు" అన్నాడాయన.

డిగ్రీలో చరిత్ర, రాజనీతి చదువుకున్నాం గనక ఆయనకి ఓ జవాబు చెప్పగలిగేవాళ్ళమే. 1969 మే 13న కౌలాలంపూర్లో చైనీయులకీ మలయ్‌లకీ మధ్య నెత్తురు పారింది. 1971లో కొత్త ఆర్థిక విధానం వచ్చింది. అప్పటికి కంపెనీల వాటాల్లో భూమిపుత్రుల వంతు నూటికి రెండున్నర కూడా లేదు, ముప్ఫైకి తేవాలన్నారు. పల్లెల్లో మలయ్ రైతు నిజంగానే పేదవాడు. అదే 1969లో మా తెలంగాణలోనూ ముల్కీ, నాన్‌ముల్కీ అని కుర్రాళ్ళు తుపాకీ గుళ్ళు తిన్నారు. సంఖ్యలో ఎక్కువున్నవాళ్ళు పేదలు కాకూడదనేం లేదు. ఇదంతా నోటిదాకా వచ్చింది. కానీ యాభై ఏళ్ళ తర్వాత ఆ తొంభై సీట్లలో ఎన్ని పేద రైతు పిల్లలవి, ఎన్ని అధికారుల పిల్లలవి? కొబ్బరి తోట కూలీ మునిమనవరాలు ఎవరి సంపద దోచిందని ఆ శిక్ష? ఇదే ప్రశ్న మా వాళ్ళ గురించి ఇక్కడ వేస్తే చప్పట్లు కొడతాం. అక్కడ వెయ్యడానికి మాకు నాలుక తిరగలేదు. ఆ నాలుక తిరగకపోవడం మా వాడు చూశాడేమోనని మా భయం.

జార్జ్‌టౌన్లో ఒకే వీధి వెంబడి సెయింట్ జార్జ్ చర్చి, చైనీయుల కరుణాదేవి గుడి, ఆ తర్వాత కపిటాన్ కెలింగ్ మసీదు. ఆ వెనక వీధిలోనే మహామారియమ్మ గుడి. మసీదు పందొమ్మిదో శతాబ్దం మొదట్లో మన దేశం నుంచి వెళ్ళిన ముస్లిం వర్తకులు కట్టించింది. బోర్డు చదివి పెద్దది అడిగింది, కెలింగ్ అంటే ఏంటంకుల్ అని.

ఆయన కారు ఆపి, తాళం తీసి, అప్పుడన్నాడు. "మమ్మల్నేనమ్మా. బాగున్నప్పుడు అనరు."

కళింగ నుంచి వచ్చిన మాట అది. తూర్పు తీరం నుంచి ఓడల్లో వచ్చినవాళ్ళని ఒకప్పుడు అలా పిలిచారు. మెలకలో ఒకరోజు ముందు చూసిన 1748 నాటి మసీదు పేరూ అదే, కంపుంగ్ క్లింగ్. ఇప్పుడు అది తిట్టు. దేశానికి వచ్చిన ఏ భారతీయుడి ముఖాన అన్నా గొడవే. కళింగులకి ఒకప్పటి రాజధాని ముఖలింగం. అది శ్రీకాకుళం జిల్లాలోనే ఉంది. అంటే ఆ మసీదు గుమ్మం మీద ఉన్నది ఈయన ముత్తాత ఊరి పేరే. లోపలికి మేం పోతున్నాం, ఆయన బయట నిలబడ్డాడు.

మా పెద్దది కాసేపాగి, "తురక లాంటిదా?" అంది. తురక అంటే టర్కీ నుంచి వచ్చినవాడని దానికి ఎవరు చెప్పారో. మా వంశంలో టర్కీ మొహం చూసినవాడు లేడు. మా తాత నేతపని చేశాడు. "అలాంటిదే" అన్నాం. చిన్నోడు ఏమీ అనలేదు. హౌజు దగ్గర వుజూ చేసుకుంటున్నంతసేపూ గేటు వైపే చూస్తున్నాడు. బయటికొచ్చాక ఆయన చెయ్యి పట్టుకుని నడిచాడు. అందరం కలిసి నాసి కండర్ తిన్నాం. వెనకటికి తమిళ ముస్లింలు కావడి మీద మోసుకొచ్చి అమ్మిన అన్నం. కండర్ అంటే ఆ కావడేనట. మా వాడు రెండుసార్లు పెట్టించుకున్నాడు.

2025 మార్చిలో పేపర్లో వార్త చూశాం. కౌలాలంపూర్లో మస్జిద్ ఇండియా వీధి దగ్గర, వందేళ్ళు దాటిందని చెప్పే కాళియమ్మ గుడి ఒకటుంది. ఆ నేల నగరపాలక సంస్థ 2014లోనే అమ్మేసింది. అక్కడ మసీదు వస్తుంది. గుడివాళ్ళు యాభై మీటర్ల దూరంలో ఇచ్చే స్థలానికి మారడానికి ఒప్పుకున్నారు. 27న ప్రధాని అన్వర్ ఇబ్రహీం మసీదుకి పునాదిరాయి వేశాడు. అక్కడ ఎవరూ గునపాలతో ఎక్కలేదు, కూర్చుని ఒప్పందం చేసుకున్నారు. ఆ తేడా చిన్నది కాదు, కళ్ళు మూసుకుని రెండూ ఒకటేనని అనలేం. కానీ "ప్రత్యామ్నాయ స్థలం" అనే మాట మాకు తెలుసు. 1992 డిసెంబరు 6న మేం మా పెద్దదంత పిల్లలం. తలుపులు బిగించుకుని రేడియో గొంతు తగ్గించి విన్నాం. 2019లో సుప్రీంకోర్టు ఆ కూల్చివేత చట్టవిరుద్ధమని చెబుతూనే ఆ నేల అటిచ్చి, మాకు ఇంకోచోట అయిదెకరాలు చూపించమంది. ఒప్పుకున్నవాళ్ళు ఎందుకు ఒప్పుకుంటారో, ఒప్పుకున్న రాత్రి ఇంట్లో ఏం మాట్లాడుకుంటారో మాకు ఒకరు చెప్పక్కర్లేదు.

ఆ ఏడు ఉగాది మార్చి 30న పడింది, మర్నాడే ఈద్. ఉగాది పొద్దున మలేసియా నుంచి ఆయన ఫోన్ చేశాడు. పండగ మాటలయ్యాక చిన్నోడు ఫోను లాక్కుని, "అంకుల్, ఆ గుడి తీసేశారా?" అన్నాడు.

"ఇంకా లేదు బాబూ. పక్కకి జరుపుతారంట. దగ్గర్లోనే."

"ఎంత దూరం?"

"యాభై మీటర్లంట."

ఫోను మా చేతికిచ్చి వాడు చెప్పులేసుకుని బయటికి పోయాడు. మేం కిటికీలోంచి చూశాం. మా గుమ్మం దగ్గర మొదలుపెట్టి, అడుగులు లెక్కపెట్టుకుంటూ, కరెంటు స్తంభం దాటి పాన్‌డబ్బా దాకా నడిచాడు. అక్కడ ఆగి వెనక్కి తిరిగి ఇల్లు ఎంత దూరంలో కనిపిస్తుందో చూశాడు. ఉపవాసంలో ఎండలో తిరక్కు రమ్మని వాళ్ళమ్మీ కేకేసింది.