బోర్డు మీద ఖాళీ

జనవరి 26న టీవీలో యుద్ధవిమానాలు బారులు తీరి పోతుంటే మా ఇంట్లో అందరూ "అబ్బ!" అంటారు. మా మామగారు మాత్రం "ఎంతమందికి నిద్రల్లేవో పాపం" అంటారు. ఆయన వైమానిక దళంలో ఇంజన్ ఫిట్టరుగా చేశారు. ఏనాడూ విమానం నడపలేదు. విమానం బాగుందని సంతకం పెట్టేవాళ్ళలో ఒకరు, అంతే. ఆ పుస్తకాన్ని ఫారం 700 అంటారట. వీళ్ళ సంతకాలు చూసుకున్నాకే పైలట్ తన సంతకం పెట్టి విమానమెక్కుతాడు. ఇంకొకరి సంతకం మీద ప్రాణం పెట్టి ఎగరటమన్నమాట! పెళ్ళి సంబంధాల్లో కూడా మనం అంత నమ్మం లెండి.

ఆయన చెప్పినవాటిలో నా మనసులో వుండిపోయింది పనిముట్ల బోర్డు. స్పానరు, స్క్రూడ్రైవరు, ప్లయరు - దేని వెనక దాని ఆకారం గీసి వుంటుంది. పని కాగానే ఎక్కడిదక్కడ చేరాలి. ఒక్కటి రాకపోయినా ఆ ఖాళీ బొమ్మ వెక్కిరిస్తుంది. అది దొరికేదాకా విమానం కదలదు.

చాదస్తం అనుకోకండి. 2023 మార్చిలో అమెరికాలో, అరిజోనాలోని ల్యూక్ వైమానిక స్థావరంలో, ఎఫ్-35 విమానం ఇంజన్ ముందు భాగంలో ఒక చేతి టార్చిలైటు మరిచిపోయి ఇంజన్ తిప్పారు. లైటు లోపలికి పోయింది. నష్టం సుమారు 39 లక్షల డాలర్లు! పనిముట్లు లెక్క చూసుకోలేదని విచారణలో తేలింది. అదృష్టం, విమానం నేలమీదే వుంది.

బోర్డు ఖాళీని చూపిస్తుంది, సరే. చూసినవాడు నోరు విప్పాలి కదా?

కుర్రతనంలో మామగారికి ఆ పరీక్ష వచ్చిందట. రాత్రి పదింటికి ఒక చిన్న స్క్రూడ్రైవరు కనిపించలేదు. తెల్లారితే విమానం ఎగరాలి. "అలాంటిదే ఇంకోటి తెచ్చి తగిలించేద్దామని అనిపించలేదంటే అబద్ధమే అమ్మాయ్" అన్నారు. చివరికి వెళ్ళి పై ఆయనకి చెప్పేశారు. నలుగురూ కలిసి రాత్రంతా వెతికారు. తీరా అది పెట్టె అడుగున పరిచిన గుడ్డ మడతలో దొరికింది!

"మరి ఆయన మిమ్మల్నేమన్నారు?"

"అందరికీ టీ తెమ్మన్నారు."

తప్పుకి శిక్ష వుండొద్దా అని నాకూ అనిపించింది. కానీ ఆ రాత్రి ఈయన్ని నలుగురిలో దులిపేసి వుంటే, రెండోసారి ఈయనే కాదు, చూస్తున్న ముగ్గురూ చెప్పరు.

ఇదంతా ఆయన వూరికే చెప్పలేదు. మా అత్తగారికి బి.పి. మాత్రలు ఇవ్వటం మా పెద్దపిల్ల పని. ఒకరోజు మరిచిపోయి, తనే వచ్చి చెప్పింది. నేను చెడామడా తిట్టాను. ఇంకోసారి మరిచిపోయినప్పుడు చెప్పలేదు. మర్నాడు నిన్నటిదీ ఇవాళ్టిదీ కలిపి రెండు మాత్రలు ఇచ్చేసింది. ఆవిడ కళ్ళు తిరిగి, గుమ్మం పట్టుకుని నిలబడిపోయారు. ఆ సాయంత్రమే మామగారు ఈ కథ చెప్పారు. నా వైపు చూడకుండా.

ఇప్పుడు వంటింటి గోడమీద మాత్రల కాగితం వుంది. రోజుకో గడి, గడికో టిక్కు. మొన్న మంగళవారం గడి ఖాళీ. నేనింకా చూడకముందే పిల్ల వచ్చి నిలబడింది.

"అమ్మా, నిన్న మర్చిపోయాను."

నోటిదాకా వచ్చిన మాటని మింగటం నాకెంత కష్టమైందో! మామగారు పేపరు చాటునుంచి చూస్తున్నారు. వెళ్ళి టీ పెట్టాను.