భక్తికి ఎన్ని వాట్లు?

కోహీర్ లాంటి ఊళ్లో భజన మండలి గానీ, ఖవ్వాలీ బృందం గానీ సౌండ్ సిస్టమ్ కొనబోతే మొదట అడిగేది ఎన్ని వాట్లని. అసలు అడగాల్సింది పాట ఎవరి కోసమని. దేవుడి కోసమే అయితే మైకే అక్కర్లేదు. మైకు మనుషుల కోసం. అలాంటప్పుడు పాటలో మాట స్పష్టంగా తెలియాలి. వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్స్, చెవికి ఆ తేడా అంతంతమాత్రం. అదే డబ్బు మంచి మైకులకు, చిన్న మిక్సర్‌కు, రెండు పవర్డ్ స్పీకర్లకు, వాటిని తలలకు పైన నిలిపే స్టాండ్లకు పెడితే హార్మోనియం కింద గొంతు నలిగిపోదు. స్పీకర్లు గాయకుల ముందు, జనం వైపు తిరిగి ఉంటే మైకు కూసే బెడదా తగ్గుతుంది.

వెనక కూర్చున్న ముసలివాళ్లకు వినబడొద్దా అంటారు. వినబడాలి. ఆరుబయట దూరం రెట్టింపైతే శబ్దం సుమారు 6 డెసిబెల్స్ పడిపోతుంది. ముందువాళ్ల చెవులకు చిల్లులు పొడిచే బదులు వెనక ఇంకో చిన్న స్పీకర్ పెట్టడం మేలు. పక్కవాళ్లు పెంచితే మేమెందుకు తగ్గాలన్నది రెండో మాట. అది భక్తి కాదు, పంతం. చెన్నై చర్చి కేసులో 2000లో సుప్రీంకోర్టు, మైకులతోనే ప్రార్థించమని ఏ మతమూ చెప్పలేదంది. అదే ఏడాది వచ్చిన శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో పరిమితి పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట మైకు కూడదు. పండుగలకు ప్రభుత్వం ఇవ్వగల సడలింపు అర్ధరాత్రి వరకే, అదీ ఏడాదికి 15 రోజులకు మించదు.