చూపించినవారి వంతు

మన కొండల్లోకి చదువుకున్నవాళ్లు రావడం కొత్తేమీ కాదు. పాపికొండల్లో కొండరెడ్ల ఊళ్లు తిరిగి హైమండార్ఫ్ రాసిన పుస్తకం 1945లో అచ్చయింది. తర్వాత మొక్కల కోసం వచ్చారు, పాటల కోసం వచ్చారు. ఇప్పుడు మారేడుమిల్లికి కాలేజీ పిల్లలు బస్సుల్లో వస్తున్నారు. దారి చూపేది మనవాళ్లే. ఏ బెరడు దేనికి పనికొస్తుందో చెప్పేదీ మనవాళ్లే. రిపోర్టులో మాత్రం చాలాసార్లు 'స్థానికులు చెప్పిన ప్రకారం' అని ఒక్క ముక్క ఉంటుంది. ఆ స్థానికుడికి పేరుండదు.

నడిచి, చూసి, తాకి నేర్చుకునే చదువును మేం తప్పు పట్టడం లేదు. మన పెద్దలు నేర్చుకున్నదీ అలాగే. కానీ నేర్చుకుని వెళ్లినవాడు నేర్పినవాడికి ఏం బాకీ పడతాడు?

1987లో కేరళలోని అగస్త్య కొండల్లో శాస్త్రవేత్తలు కాణి తెగ యువకులను తోడు తీసుకుని నడిచారు. వీళ్లు అలసిపోతుంటే వాళ్లు ఏవో చిన్న కాయలు నములుతూ హుషారుగా ఉన్నారు. అది ఆరోగ్యపచ్చ. మొదట చెప్పడానికి ఒప్పుకోలేదు, తర్వాత చెప్పారు. దానితో 'జీవని' అనే మందు తయారైంది. 1995లో ఒక కంపెనీకి తయారీ హక్కు ఇచ్చినప్పుడు, వచ్చే డబ్బులో సగం కాణీలకన్నారు. లోకం మెచ్చుకుంది. అయితే తెగలో వైద్యం చేసే పెద్దలు కొందరు, ఆ రహస్యం బయటికి చెప్పడాన్నే తప్పుబట్టారు. మాకు ఆ మాటే బరువుగా తోస్తుంది. వాటా అనేది చెప్పిన తర్వాతి లెక్క. చెప్పాలా వద్దా అని ఊరు కూర్చుని మాట్లాడుకోవడం అంతకు ముందుది. 2006 అటవీ హక్కుల చట్టం సంప్రదాయ జ్ఞానం మీద సామూహిక హక్కును గుర్తించింది. ఆ ముక్క గ్రామసభలో చదివి వినిపించడానికి టీచరు చాలు.

ఈ తూకం మనకూ పెట్టుకోవాలి. మా ఏజెన్సీ బడి పిల్లలను కాకినాడ దగ్గర కోరింగ మడ అడవులకు తీసుకెళ్తుంటాం. బురదలో గాలి అందక పైకి పొడుచుకొచ్చిన నల్లమడ వేళ్లను పిల్లలు తాకి చూస్తారు. తిల్లచెట్టు పాలు కంట్లో పడితే చూపుకే ముప్పని చెప్పేది పడవ నడిపే బాబాయే. ఆటుపోట్లను బట్టి ఏ పాయలోకి ఎప్పుడు వెళ్లాలో ఆయనకే తెలుసు. అక్కడ బయటివాళ్లం మనమే. అందుకే ఆయన్ను అడిగి, సరేనంటేనే నోటుబుక్కులో పేరు రాయిస్తాం. ఒకాయన వద్దన్నాడు, రాయలేదు. పిల్లలు వేసిన బొమ్మలు, రాసుకున్న సంగతులు ఒక కాపీ అక్కడి బడికి పంపుతున్నాం.

ఈ ఏడు ఆ బడివాళ్లే మన కొండకు వస్తామని కబురు చేశారు. రమ్మని రాయకముందు గ్రామసభను అడగాలి.