పట్టూ విడుపూ

హైదరాబాదు నుంచి బెంగళూరు వెళ్ళే జాతీయ రహదారిని కొడికొండ దగ్గర వదిలి లేపాక్షి దారి పట్టిన కార్లన్నీ ఏకశిలా నంది ముందు ఆగుతాయి. సుమారు 27 అడుగుల పొడవు, 15 అడుగుల ఎత్తు ఉన్న ఆ నందితో ఒక ఫొటో, గుడిలో వేలాడే స్తంభం కింద గుడ్డ దూరుస్తూ ఒకటి, ఏడుపడగల నాగలింగం ముందు మరొకటి. అక్కడితో లేపాక్షి అయిపోతుంది. నాట్యమండపం కప్పు మీద 16వ శతాబ్దపు వర్ణచిత్రాలను తలెత్తి చూసే తీరిక కొందరికే ఉంటుంది. ఇలా ఫొటోలు తీసుకుంటూ పోవడం దర్శనమేనా, లేక దర్శనానికి అడ్డా? ఈ ప్రశ్న ఫోను వాడకానికి సంబంధించినదిగా కనిపిస్తుంది గానీ నిజానికి చాలా పాతది. కళ్ళ ముందున్నదాన్ని చూడటానికీ, దాన్ని సొంతం చేసుకోవాలనుకోవడానికీ మధ్య గీత ఎక్కడుంది అన్నదే అసలు విషయం.

బొమ్మ మాయ, చూపు సత్యం అని తేల్చేయడం సులభం. కానీ విగ్రహారాధన చేసే సంప్రదాయం ఆ మాట అనలేదు. దేవుడి రూపాన్ని ధ్యానంలో నిలుపుకున్నాకే శిల్పి ఉలి పట్టాలని మన శిల్పశాస్త్రం భావించింది. అంటే చెదిరే మనసును ఒకచోట నిలిపేందుకే బొమ్మ. అదే సంప్రదాయం వినాయకుడి మట్టి ప్రతిమను భక్తితో పూజించి, చివరికి నీళ్ళలో కలిపేయమని కూడా చెప్పింది. మనసు నిలపడం ఒక షరతు, వదులుకోగలగడం రెండో షరతు. ఈ రెండూ ఉన్నచోట కెమెరా కూడా సాధనమే. రెండూ లేనిచోట అది జైనులు పరిగ్రహమని పేరుపెట్టి వద్దన్న కూడబెట్టుకునే బుద్ధికి కొత్త పనిముట్టు, అంతే.

మొదటి షరతుకు ఆధారం మనస్తత్వ పరిశోధనలోనూ దొరుకుతుంది. అమెరికా పరిశోధకురాలు లిండా హెంకెల్ కొందరిని మ్యూజియంలో తిప్పి, కొన్ని వస్తువులను ఫొటో తీయమని, కొన్నింటిని ఊరికే చూడమని చెప్పారు. మర్నాడు అడిగితే, మొత్తం వస్తువును ఫొటో తీసినప్పటికన్నా ఊరికే చూసినప్పుడే అవి బాగా గుర్తున్నాయి. అయితే వస్తువులో ఒక భాగాన్ని దగ్గరగా జూమ్ చేసి తీసినప్పుడు ఆ నష్టం కనిపించలేదు. చేతిలో కెమెరా రెండుసార్లూ ఉంది. తేడా తెచ్చింది కెమెరా కాదు, శ్రద్ధ. మన చరిత్రలోనూ ఇదే కనిపిస్తుంది. 1797లో అమరావతి స్తూపాన్ని చూసిన ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ 1816లో మళ్ళీ వచ్చి, తన చిత్రకారుల చేత అక్కడి శిల్పాలను ఓపికగా గీయించాడు. ఆ శిల్పాలు చెక్కిన పలకలు కొన్ని కొత్త కట్టడాల్లో కలిసిపోయాయి, కొన్ని సున్నంగా కాలిపోయాయి. పోయిన శిల్పాల రూపం ఈనాడు మనకు తెలిసేది ఆ గీతల వల్లే. బొమ్మ తీయడమే దోషమైతే అమరావతి గురించి మన జ్ఞానంలో కొంత భాగాన్ని వదులుకోవాలి.

అందరూ మెకంజీలు కారు కదా, ఏడాదికోసారి సెలవు దొరికిన కుటుంబం నంది ముందు నవ్వుతూ ఫొటో దిగితే తప్పేమిటి అని ఎవరైనా అడగవచ్చు. తప్పేమీ లేదు. బొమ్మలో తమను చేర్చుకోవాలన్న కోరిక కొత్తదీ కాదు, నీచమైనదీ కాదు. లేపాక్షి గుడి కట్టించిన విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు కూడా ఆ గుడి కప్పు చిత్రాల్లో ఉన్నారు. అయితే వాళ్ళు అక్కడ దేవుణ్ణి కొలిచే భక్తులుగా ఉన్నారు. సెల్ఫీలో మనం దేవుడికి వీపు పెట్టి, మన ముఖాన్ని మనమే చూసుకుంటాం. మనం చిత్రంలో ఉండటంలో దోషం లేదు, అక్కడున్నది మనకు వెనక తెరగా మిగిలిపోవడంలో ఉంది. గుడి సరే, గండికోటలో పెన్న కోసిన లోయకు దర్శన నియమాలేమిటి, అక్కడ ఎవరికి అపచారం అని ఇంకొక ప్రశ్న రావచ్చు. లోయకు నష్టమేమీ లేదు. నష్టం చూసేవాడిది. అంచున నిలబడి నది రాతిని ఎంతకాలం కోస్తే ఈ లోతు వచ్చిందో అనుకోవలసిన క్షణాన్ని, ఎన్ని లైకులు వస్తాయో అన్న లెక్క తినేస్తుంది. ఆ ఆలోచనలో మనిషికి తన చిన్నతనం తెలుస్తుంది, ఈ లెక్కలో తెలియదు.

కాబట్టి కెమెరాను ఇంట్లో వదిలి రమ్మనడం పరిష్కారం కాదు. ముందు చూసి, తర్వాత తీయండి. పది తీసే చోట ఒకటి తీయండి, అందులోనూ ఒక బొమ్మలోని చీర అంచునో, ఒక స్తంభం మీది లతనో వెతికి తీయండి. ఇంటికి వచ్చాక అక్కర్లేనివి చెరిపేయండి. లేపాక్షికి వెళ్ళినప్పుడు మాత్రం ఫోను జేబులో పెట్టి, ఒక్కసారి తలెత్తి ఆ కప్పును చూడండి.